ఖాళీ గోతం అమ్మినా లెక్క రాయాల

కర్నూలు,
ఆదివారం రాత్రి.

చిరంజీవి పాపకు అత్త ఆశీర్వదించి రాసేది.

నిన్న సాయంత్రం మీ నాయన ఫోన్ చేసినాడు. "అక్కా, నీ కోడలు ఉద్యోగం వదిలేసిందంట. కోసిగి కాడ సుగ్గి వలసకు పోయినోళ్ళ పిల్లలకు రాత్రి అన్నం పెడతాదంట, ట్రస్టు పెడతాదంట" అని చెప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను నిన్ను తిడతానని, నా తిట్లకు నువ్వు మనసు మార్చుకుంటావని వాని ఆశ. నేను తిట్టలేదు. ఫోను పెట్టేసినాక మాత్రం వంటింట్లోకి పోయి ఊరికే నిలబడినాను. పొయ్యి మీద పాలు పొంగి కారిపోతా ఉంటే కూడా చూసుకోలేదు. సంతోషమా, భయమా అంటే రెండూ. నిద్ర పట్టక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టినాను. ఫోనులో చెప్తే నువ్వు "ఊ అత్తా, ఊ అత్తా" అంటా మనసులో ఇంకో పని చేసుకుంటా ఉంటావు. కాగితమైతే దాచిపెట్టుకుని మళ్ళీ చదువుకోవచ్చు.

ఆ పక్క నాకు కొత్త కాదు. నా మొదటి పోస్టింగు 1984లో ఆదోని పక్క పల్లెలోనే. దీపావళి దాటితే చాలు, తరగతి పలచబడేది. కొందరు తుంగభద్ర కాలువ కింద కోతలకు, కొందరు పత్తికీ మిరపకాయలకూ గుంటూరు పక్కకు. లారీ నిండా మూటలు, గిన్నెలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి సందున పిల్లలు. హాజరు పట్టీలో గైర్హాజరు గీతలు పెట్టుకుంటా పోయేదాన్ని. ఉగాది తర్వాత వచ్చేవాళ్ళు, వేళ్ళు మిరప ఘాటుకు పొక్కిపోయి. వాళ్ళకు కూడికలు మళ్ళీ మొదట్నుంచీ.

అందరూ పోయేవాళ్ళు కాదు. కొందరు పిల్లలను అవ్వల దగ్గర విడిచిపెట్టి పోయేవాళ్ళు. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తమ్మున్ని చంకనేసుకుని బడికొచ్చి వెనక వరసలో కూర్చునేది. ఒకరోజు పొద్దున్నే పలక మీద తల పెట్టి పడుకుంటే, "రాత్రి ఏం తిన్నావమ్మీ?" అని అడిగినాను. "నీళ్ళు తాగి పండుకున్యా టీచర్" అనింది. అందులో బాధేమీ లేదు, పొద్దున మొహం కడుక్కున్యా అని చెప్పినట్టు చెప్పింది. మీ నాయన "రాత్రి అన్నం" అనే మాట చెప్పగానే నాకు ఆ పిల్లే కండ్ల ముందరికొచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం బడిలో అన్నం ఉంది, గుడ్డు ఉంది. రాత్రికే ఏమీ లేదు. నీకు ఈ సంగతి ఎవరు చెప్పినారో గానీ, సరైన చోటే చెయ్యి పెట్టినావు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. ట్రస్టు డీడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించు. ట్రస్టీలుగా నీ స్నేహితులనే కూర్చోబెట్టుకోవద్దు. నీ మాట కాదనే మనిషి ఒకరు, ఆ ఊరి మనిషి ఒకరు ఉండాల. ట్రస్టు పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకో. ఆదాయపు పన్నులో ట్రస్టు రాబడికి ఒక మినహాయింపు, దాతలకు ఒక మినహాయింపు ఉంటాయి, 12ఎ, 80జి అని పిలుస్తా వచ్చినారే, ఆ రెండిటికీ అర్జీ పెట్టు. కొత్త ట్రస్టుకు ముందు తాత్కాలికంగానే ఇస్తారు, గడువు లోపల మళ్ళీ అడగాల. వచ్చిన రాబడిలో 85 శాతం ధర్మకార్యానికే ఖర్చు కావాల. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే దాతకు ఆ మినహాయింపు రాదు, కాబట్టి పెద్ద మొత్తమైతే బ్యాంకులో వేయమని చెప్పు. ఇదంతా ఆడిటరు చూసుకుంటాడు. ఆ ఆడిటరును మొదటి నెలలోనే పెట్టుకో, మార్చి నెల వచ్చినాక వెతుక్కోవద్దు.

అమెరికాలో ఉన్న నీతోటి వాళ్ళు డబ్బు పంపుతామన్నారంట. వాళ్ళ చేతిలో ఇంకా మన దేశం పాస్‌పోర్టు ఉంటే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళయితే, మనతోపాటు పుట్టి పెరిగినవాళ్ళయినా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బే. విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు, దాని కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా అందులో ఒక్క రూపాయి ముట్టుకోగూడదు. ఆ రిజిస్ట్రేషను కూడా మామూలుగా మూడేండ్లు పని చేసి చూపించినాకే ఇస్తారు. ప్రేమతో పంపిన వంద డాలర్లు నీ ట్రస్టుకు తాళం వేయించగలవు. ఎవరిని ఏమడగాలన్నా ముందు పాస్‌పోర్టు సంగతి అడుగు. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోనీ.

ఇంకొకటి. పిల్లలను రాత్రి అక్కడే పడుకోబెట్టుకుంటానని అన్నావంట. వద్దు పాపా. కనీసం మొదటి రెండేండ్లు వద్దు. పిల్లలను ఉంచుకుని సాకే ఇల్లు నడపాలంటే 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషను కావాల, అది లేకుండా నడిపితే నేరం. అసలు చట్టం సంగతి అట్లుంచు. అర్ధరాత్రి ఒక పిల్లకు జ్వరమొస్తే, పామొస్తే, తాగినోడు ఎవడన్నా తలుపు కొడితే నువ్వొక్కదానివి ఏం చేస్తావు? వలస కాలంలో సర్కారు వాళ్ళే బడుల్లో సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. నువ్వు అనుకున్న ఊర్లో అది ఉందా, తెరిచినారా, తెరిస్తే ఎంతమంది ఉన్నారు, ముందు హెడ్‌మాస్టరునూ ఎంఈఓనూ కలిసి కనుక్కో. ఉన్నదాని మీద ఇంకొకటి కట్టొద్దు, లేనిచోట నిలబడు. సాయంత్రం అన్నం పెట్టు, లైటు కింద కూర్చోబెట్టి చదివించు, ఎనిమిదికల్లా ఎవరి అవ్వ దగ్గరికి వాళ్ళను చేర్చు.

అవ్వలకు కూడా ఒక గిన్నె పెట్టు. పిల్లకు పెట్టి, దాన్ని సాకే ముసలామెకు పెట్టకపోతే ఆ పిల్ల సగం తిని సగం పావడా కుచ్చిళ్ళలో దాచుకుని పోతుంది. నేను చూసినాను.

పనికి పెట్టుకునే ప్రతి మనిషి గురించీ నాలుగు చోట్ల విచారించు. మగవాళ్ళు ఎవరూ, ఎంత మంచివాళ్ళయినా, పిల్లలతో ఒంటరిగా ఉండేటట్టు ఏర్పాటు చేయొద్దు. ఆపదలో పిల్లలు ఫోను చేసే 1098 నంబరు గోడ మీద పెద్ద అంకెల్లో రాయించు. పిల్లలకు అందేంత ఎత్తులో రాయించు, అధికారులు వచ్చి చూసిపోయేంత ఎత్తులో కాదు.

వంటగదికి నడుమెత్తు తలుపు ఒకటి పెట్టించు, గడియ లోపలి వైపు. గుండిగ దించే చోటికి పిల్లలు రాకూడదు. వరసలో నిలబడేది తలుపుకు ఇవతల, వడ్డించేది చిన్న బకెట్లతో. మిగతావన్నీ నీ ఇష్టం, ఇది మాత్రం నా మాట. మీ నాయన ఎడమ మోచేతి కింద మచ్చ చూసింటావు కదా. వానికి నాలుగేండ్లు. మరిగే చారు. వాణ్ణి చూసుకోమని మా అమ్మ చేనికి పోతా నాకే చెప్పిపోయింది. నాకు తొమ్మిదేండ్లు. ఇప్పటికీ ఏ బడికి పోయినా ముందు వంటగది వాకిలి చూస్తాను.

ఇంక నేను అసలు రాయాలనుకున్నది రాస్తాను. దీని కోసమే లేచి కూర్చున్నాను.

చిన్నప్పుడు మీ తాత మనకు బుడ్డా వెంగళరెడ్డి కథ చెప్పేవాడు. ఉయ్యాలవాడ ఆయన. 1866 కరువులో ఊర్ల జనం డొక్కలు పట్టుకుని వస్తే తన గాదెలు తీసి నెలల తరబడి గంజి పోయించిన మనిషి. విక్టోరియా రాణి బంగారు పతకం పంపిందని తాత చెప్పేటప్పుడు కండ్లు తుడుచుకునేవాడు. నువ్వు కూడా ఆ కథ విని పెరిగినదానివే, నీ రక్తంలో ఆ ఉబలాటం ఉంటుంది. కానీ ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఆయన పోసింది తన గాదెలో గింజలు. ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేదు. నువ్వు పెట్టేది నలుగురి డబ్బు. చేయి ఎంత ధారాళంగా ఉంటే లెక్క అంత గట్టిగా ఉండాల. నేను ఇది తెలుసుకోలేకపోయినాను.

2009 అక్టోబరు 2. నువ్వు అప్పటికి చిన్నపిల్లవు. గాంధీ జయంతి, బడికి సెలవు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీదికొచ్చినాయి. పాతబస్తీలో జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. మా ఇల్లు మిట్ట మీద ఉంది కాబట్టి గడప కూడా తడవలేదు. ఆ సిగ్గు కూడా నన్ను తరిమిందేమో. నీళ్ళు తీసినాక ఇండ్లలోకి పోయినాను. ఎక్కడ చూసినా మోకాటి లోతు బురద, ఉబ్బి పగిలిన బియ్యం మూటల కంపు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడల మీద దారం పట్టి గీసినట్టు ఒకే మరక. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో పాతబట్టలు వచ్చినాయి. వాటిని రోడ్డు పక్కన గుట్టలు పోసి పోయినారు. ఆ జనానికి కావాల్సింది వండుకునేదానికి ఒక స్టవ్వు, నాలుగు గిన్నెలు, పిల్లల పుస్తకాలు. ఎవరూ అడగలేదు వాళ్ళను.

మేము అడిగినాము. అంతవరకూ బాగానే చేసినాము. మా బడి టీచర్లం ఐదుగురం, నేనే ముందుపడినాను. డబ్బు ఎట్ల వచ్చిందో తెలుసా? స్టాఫ్‌రూములో కవరులో పెట్టి ఇచ్చినవాళ్ళు, నా జీతం ఖాతాలో వేసిన పాత విద్యార్థులు, బజార్లో ఆపి పేరు కూడా చెప్పకుండా చేతిలో నోట్లు పెట్టిన పెద్దమనిషి. నా జీతమూ అందులోనే, విరాళమూ అందులోనే. మూడు లక్షల పైన వచ్చింది. నేను దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగినాను.

నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లోడు ఒకడు అప్పుడు ఆటో తోలుతా ఉన్నాడు. వాని ఇల్లూ మునిగింది. పెండ్లాన్నీ పసిబిడ్డనూ అత్తగారింటికి పంపి, మా బడి కాడికొచ్చి, "టీచర్, సామాను నేను తోలుతా, డీజిలుకు ఇస్తే చాలు" అన్నాడు. ఇరవై రోజులు తోలినాడు. నేను బ్యాగులో చెయ్యి పెట్టి ఎంతొస్తే అంత తీసి "పో నాయనా, స్టవ్వులు పట్రా" అనేదాన్ని. తెచ్చి, మిగిలిన చిల్లరా బిల్లు ముక్కా నా చేతిలో పెట్టేవాడు. నేను చూడకుండా బ్యాగులో కుక్కేదాన్ని. రెండుసార్లు వాడే అన్నాడు, "టీచర్, యాడన్నా రాస్కోండి" అని. "రాసేదానికి ఇది టైమా నాయనా" అన్నాను. పాతికేండ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. స్టెప్పులు రాయకపోతే జవాబు సరైనదైనా మార్కులు వేసేదాన్ని కాదు.

డిసెంబరులో దాతల్లో ఒకాయన లెక్క అడిగినాడు. ఆయన తప్పేమీ లేదు, తానూ నలుగురి దగ్గర పోగు చేసి పంపినాడు. స్టాఫ్‌రూములో అందరం కూర్చుని బ్యాగు బోర్లించినాము. చెమటకు కొన్ని బిల్లుల మీద అంకెలే పోయినాయి. మూడుసార్లు కూడినాము. 38,400 రూపాయలు తక్కువ.

నన్ను ఎవరూ అనుమానించలేదు. "టీచరమ్మ తినే మనిషి కాదు" అన్నారు. ఆ మాటకు నాకు ధైర్యమొచ్చింది పాపా. సిగ్గుపడాల్సిన చోట ధైర్యమొచ్చింది. టీచరమ్మ కాదంటే మరి ఎవరు? అందరి చూపూ వాకిలి వైపు తిరిగింది. వాడు మాకు టీ తెచ్చి నిలబడి ఉన్నాడు. టీ గ్లాసుల తట్ట ఇంకా చేతిలోనే ఉంది. అప్పుడు నేను అడిగినాను. మెల్లగానే అడిగినాను, ప్రేమగానే అడిగినాను: "నాయనా, స్టవ్వుల డబ్బు ఏమన్నా నీ దగ్గర మిగిలిపోయిందేమో గుర్తు చేసుకో."

వాడు తట్టను బెంచీ మీద పెట్టినాడు. ఒక్క గ్లాసు కూడా చప్పుడు కాలేదు. చొక్కా జేబులో ఉన్న నోట్లూ చిల్లరా తీసి తట్టలో పెట్టి, మా మొహాలు చూడకుండా పోయినాడు.

మార్చిలో బజారుకు పోతే గిన్నెల అంగడాయన పిలిచినాడు. "టీచరమ్మా, వరదప్పుడు గిన్నెల సెట్లకు మీరు ముందుగా కట్టిన డబ్బుకు రసీదు రాసిపెట్టినాను. సామాను మా బండిలోనే పంపించినాము కదా, మీరు మళ్ళీ ఇటు రానేలేదు" అని డెస్కులోంచి తీసి ఇచ్చినాడు. 38,400. నా చేత్తో నేనే ఇచ్చిన డబ్బు. రసీదు మీద నా పేరే.

ఆ కాగితం పట్టుకుని ఆటో స్టాండుకు పరిగెత్తినాను. అప్పటికే వాడు ఆటో అమ్మేసి ఊరు విడిచిపెట్టినాడు. స్టాండులో వాని పేరు "వరద డబ్బులోడు" అయిపోయింది. నేను వాణ్ణి దొంగ అని ఒక్కనాడు అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. ఇంటికి పోతే వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది గానీ నోరు తెరవలేదు. టీచర్లందరినీ పిలిచి రసీదు చూపించినాను, స్టాండులో నిలబడి చదివి వినిపించినాను. "అయ్యో పాపం" అన్నారు. అంతే. చెడ్డమాట ఆదోని దాకా పోయింది, మంచిమాట స్టాండు దాటలేదు.

మూడేండ్లకు వాణ్ణి బళ్ళారిలో కలుసుకున్నాను. గుడ్డల అంగట్లో పనిలో ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడినాడు, తరగతిలో నిలబడినట్టే. పక్క హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ తెప్పించి నేను తినేదాకా ఊరుకోలేదు. ముద్ద గొంతు దిగలేదు నాకు. తప్పయిపోయింది నాయనా అన్నాను. వాడు చాలాసేపు నీళ్ళ గ్లాసు తిప్పుకుంటా కూర్చుని అప్పుడు అన్నాడు. "అడిగినందుకు కాదు టీచర్. అందరి ముందర అడిగినారు. ఒక్కణ్ణే పిలిచి అడిగింటే అంగళ్ళన్నీ తిరిగి ఆ దుడ్లు యాడ కట్టినారో నేనే కనుక్కోనొచ్చింటిని."

వాడు మళ్ళీ కర్నూలుకు కాపురం రాలేదు.

అందుకే చెప్తున్నాను. లెక్క రాసేది ఆదాయపు పన్ను వాళ్ళ కోసమని ఆడిటరు చెప్తాడు, నమ్మొద్దు. నీ కోసం కూడా కాదు. నీకు చదువుంది, మీ నాయనకు పేరుంది, నిన్ను ఎవరూ ఒక మాట అనరు. డబ్బు తగ్గిన రోజు మాట పడేది నీ వంటామె మీద, సామాను తోలే పిల్లోని మీద, బస్తాలు మోసే మనిషి మీద. వాళ్ళను కాపాడేది ఆ బుక్కు ఒక్కటే. నువ్వు రాయని ప్రతి రూపాయీ వాళ్ళ నెత్తి మీద అప్పుగా ఉంటుంది.

ఎట్ల రాయాలో చెప్తాను. నీ సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి విరాళం రాకూడదు. ఫోనులో పంపేవాళ్ళకు ట్రస్టు ఖాతా క్యూఆర్ కోడే చూపించు. ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. రసీదు పుస్తకానికి వరస నంబర్లు అచ్చు వేయించు, చెడిపోయిన రసీదును చింపేయకుండా అడ్డంగా గీత కొట్టి అక్కడే ఉంచు. చేతిలో ఉంచుకునే నగదుకు ఒక హద్దు పెట్టుకో, రెండు మూడు వేలు చాలు. రాత్రి పిల్లలు పోయినాక క్యాష్ బుక్కు ముగించి, పెట్టెలో డబ్బు ఎంచి, రెండూ సరిపోయినాకే అన్నం తిను. సరిపోకపోతే ఆ రాత్రే వెతుకు. ఒక రోజు తేడా దొరుకుతుంది, నెల తేడా దొరకదు. ఖర్చు ప్రతిదానికీ వోచరు: తేదీ, ఎంత, ఎందుకు, ఎవరు తీసుకున్నారు, సంతకం. సంతకం రానివాళ్ళకు వేలిముద్ర. వేలిముద్ర వేయించుకునే ముందు ఎంత రాసినావో వాళ్ళకు చదివి చెప్పు.

కూరగాయలమ్మే ఆమె బిల్లు ఇవ్వదు. వోచరు నువ్వే రాసి ఆమెతో వేలిముద్ర వేయించుకో, నామోషీ పడొద్దు.

సరుకుకు వేరే పుస్తకం. బియ్యం ఎన్ని బస్తాలు వచ్చినాయి, కాటా వేస్తే ఎంత ఉన్నాయి, ఈ రోజు ఎన్ని కేజీలు తీసినాము, ఎంతమంది తిన్నారు. బస్తా మీద రాసిన బరువు రాసుకోవద్దు, తూచి రాసుకో. తరుగు ఉంటే తరుగని రాయి. ఖాళీ గోతాలు అమ్ముతారు చూడు, ఆ డబ్బు కూడా రాబడిలో ఎక్కాల. గోతాల డబ్బు చిన్నదని అందరూ వదిలేస్తారు, వంటామె తీసుకుందని పుకారు పుట్టేది అక్కడే. ఆమెకే ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, "గోతాల డబ్బు వంటామెకు ఇచ్చినాము" అని రాసి ఇవ్వు.

ఎవరన్నా "ఇది గుడ్లకు" అని డబ్బిస్తే గుడ్లకే. బియ్యం అయిపోయిందని దాన్ని వాడొద్దు. వాడాల్సి వస్తే వాళ్ళకు ఫోను చేసి అడిగి, వాళ్ళు ఒప్పుకున్నారని రాసుకో.

నెలకొకసారి ఆ లెక్క ఊరి రచ్చకట్ట మీద చదువు. మన పక్కన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే కదా 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది. ఆ చట్టంలో నాకు నచ్చింది సామాజిక తనిఖీ. పని చేసిన మనిషి ఎదుటనే మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చదివి "నీకు ఇంత ముట్టిందా?" అని అడుగుతారు. నువ్వూ అట్లే చదువు. వినేదానికి మొదట ఎవరూ రారు, అవ్వలు నలుగురు వస్తారు. నాలుగో నెలలో ఒక అవ్వ లేచి "ఇన్ని ఉల్లిగడ్డలు యాడ పోసినారు?" అంటుంది. ఆ రోజు నాకు ఫోను చేయి. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను స్వీట్లు పంచుతాను.

ఫొటోల సంగతి. దాతలు అడుగుతారు. గిన్నెలు తీయి, పుస్తకాలు తీయి, పొయ్యి తీయి. చేయి చాపిన పిల్ల మొహం తీయొద్దు. రేపు అదే పిల్ల కాలేజీకి పోతుంది.

జీతం తీసుకో. "ఊరికే చేస్తాను అత్తా" అని నువ్వు అంటావని తెలుసు. ఊరికే చేసేవాళ్ళు రెండేండ్లకు అలసిపోయి, తామేదో త్యాగం చేసినామని పక్కవాళ్ళ మీద కోపం పెట్టుకుంటారు. వంటామెకు కూడా తక్కువ ఇచ్చి "సేవ అనుకో తల్లీ" అంటారు. ఆమెకు అది సేవ కాదు, కూలి. నీ జీతం ఇంత అని ట్రస్టు మీటింగులో తీర్మానం చేయించి, రచ్చకట్ట మీద అదీ చదువు.

ఒకసారి అనంతపురం పోయి ఆర్డీటీ, అదే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, వాళ్ళ పని చూసి రా. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టినారు. వాళ్ళు కట్టించిన ఇండ్లు ఆడవాళ్ళ పేరు మీదనే రాయించినారు, అది చూసినప్పుడు నాకు కడుపు నిండింది. 2009 జూన్‌లో ఆయన పోయినారు, మన వరదకు మూడున్నర నెలల ముందు. ఆయన పోయినాక కూడా వాళ్ళ బత్తలపల్లి ఆసుపత్రి నడుస్తానే ఉంది. నువ్వు అక్కడ చూడాల్సింది అదే. నీకు జ్వరమొచ్చి వారం పడుకున్నా కోసిగి పక్కన ఆ పొయ్యి వెలగాల. బుక్కు రాసేది నీతో పాటు ఇంకొకరికి నేర్పు, తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉండాల. నీ పెండ్లి గురించి మీ నాయన నన్ను అడగమన్నాడు. నేను అడగను. ఎప్పుడైనా నువ్వు ఆ ఊరు విడిచి పోవాల్సి వస్తే పిల్లలకు ముందుగా చెప్పి పో, అంతే. తల్లిదండ్రులు లారీ ఎక్కి పోవడం వాళ్ళు ఏడాదికొకసారి చూస్తానే ఉన్నారు.

వేళకు తిను. నీకు చిన్నప్పటినుంచీ ఆకలైతే కోపం, ఆ కోపం పిల్లల మీద పోకూడదు. సజ్జరొట్టె నీకు పడదు, ఆ పక్క అదే పెడతారు, మజ్జిగ పోసుకుని తిను.

మంగళవారం మీ నాయన ఎమ్మిగనూరుకు వస్తున్నాడంట. వాని చేతికి ఒక సంచి ఇస్తున్నాను. పెద్ద నోటుబుక్కులు పది, వోచరు ప్యాడ్లు, తాళం ఉన్న చిన్న ఇనుప పెట్టె, ఇంకు ప్యాడు, వేలు తుడుచుకునేదానికి పాత పంచె ముక్కలు. ఇంకు ప్యాడు మూత గట్టిగా పెట్టు, ఆ ఎండకు రెండు రోజుల్లో ఆరిపోతుంది. ఊరుబిండి ఒక డబ్బా వేసినాను, అది నీకు, పిల్లలకు కారం ఎక్కువవుతుంది. పదివేలు కవరులో పెట్టినాను. నా డబ్బే. బ్యాంకులో వేయకుండా కవరులో ఎందుకంటే, నీ మొదటి రసీదు నా పేరు మీద రాస్తావని. నంబరు 1. రాసి, రెండో కాపీ పుస్తకంలోనే ఉంచి, మొదటిది మీ నాయన చేతికే ఇచ్చి పంపు. మర్నాడు ఆ డబ్బు ట్రస్టు ఖాతాలో కట్టు.

మొదటి నెల రచ్చకట్ట మీద చదివే రోజుకు నేను వస్తాను. తేదీ రాయి.

ఇట్లు,
మీ అత్త